గీత లేని సున్నా

నాగేశ్వరయ్య మీద కోడలు వాసవికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన మాట్లాడతాడు.

ఇంకొకరి ఇంట్లో అయితే ఇది ఫిర్యాదు కిందికే రాదు. అక్కడ మామగార్లు మొదటినుంచీ మాట్లాడుతూనే ఉంటారు, కోడళ్లు మొదటినుంచీ తలుపు చాటున తల కొట్టుకుంటూనే ఉంటారు. లెక్క సరిపోతుంది. ఈయన అట్లా కాదు. ఆదోని పత్తి యార్డులో కమీషన్ దుకాణం నడిపే ఈ మనిషి, వాసవి కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆమెతో ఆడిన మాటలన్నీ కలిపి ఒక పోస్టుకార్డు మీద రాసినా, అడ్రసుకు చోటు మిగులుతుంది. "ఉప్పు." "చాలు." "తలుపు వేసుకో." ఒకసారి ధైర్యం చేసి, "మామయ్యా, యార్డులో టవల్ కింద చేతులు పెట్టుకుని ఏం చేస్తారు?" అని అడిగింది.

"వ్యాపారం," అన్నాడు.

అటువంటి మనిషి, కూతురు సంయుక్త ఆంత్రోపాలజీలో ఎమ్మే ముగించి ఇంటికొచ్చి, ఫోను ఆయన ముందర పెట్టి, అందులో రికార్డింగు ఎర్ర చుక్క వెలిగించి "చెప్పు నాన్నా" అనగానే, పూటలు పూటలు చెప్పినాడు. టవల్ కింద ఏ వేలు పట్టుకుంటే ఏ ధరో, అరచెయ్యి ఎట్లా నొక్కితే బేరం చెడినట్టో, చిన్నప్పుడు వాళ్ల నాయన తన వేళ్లు పట్టుకుని ఎట్లా నేర్పించినాడో. వంటింట్లో వాసవి పోపు మాడ్చుకుని మరీ విన్నది.

నాన్న అయినాక అన్న. అన్న అయినాక పాలు పోసేవాడు. ఆ తర్వాత ఇంట్లో పని చేసే హుసేనమ్మ. ఎర్ర చుక్క అందరి ముందరా వెలిగింది. మనుషుల్ని గురించిన చదువంట అది. ఆ చదువు వాసవిని మనుషుల్లో వేసినట్టు లేదు.

ఈరోజు మాత్రం ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు.

సంయుక్త నడింట్లో గోడకు ఆనుకుని కూర్చుంది. నిన్న ఎమ్మిగనూరు నుంచి వచ్చినప్పటి చీరే. పక్కన పెట్టిన పళ్లెంలో అన్నం మీద పప్పు గట్టిపడింది.

"లేచి తిను," అన్నది వాసవి.

"వద్దొదినా."

"రాత్రీ వద్దే అన్నావు. పొద్దున ఉప్మాకూ వద్దే అన్నావు."

"నన్ను చూసి తలుపులేసుకున్నారు వదినా. కాలనీ కాలనీ అంతా. మొన్నటిదాకా నన్ను ముందర కూర్చోబెట్టుకుని పేలు చూసిన హులిగమ్మ, నిన్న 'పాపా, మాకు పనుంది, నువ్వు పో' అనింది."

"నిజంగానే పనుండొచ్చు."

"తలుపు వేసుకుని లోపల ఊరికే నిలబడింది. తలుపు కింది సందులోనుంచి కాళ్లు కనపడుతున్నాయి."

వాసవి పళ్లెం తీసుకుని లోపలికి పోయింది. వేడి అన్నం పెట్టాలని కాదు. ముఖం అక్కడ పెట్టుకుని నిలబడలేక.

ఎమ్మిగనూరు చివర ఉన్న ఆ కాలనీలో వాళ్లు ఏటా సుగ్గికి పోతారు. ఇక్కడి చేలల్లో పత్తి తీత అయిపోగానే పిల్లాజెల్లా లారీలెక్కి గుంటూరు వైపు మిరపకోతలకు పోవడాన్ని ఈ ప్రాంతంలో సుగ్గి అంటారు. అట్లా పోయే ఆడవాళ్లు పిల్లల చదువు ఏం చేసుకుంటారు, రోగమొస్తే ఎవరిని అడుగుతారు, ముసలివాళ్లను ఎవరికి అప్పజెప్పి పోతారు, ఇదంతా వాళ్ల నోటనే విని రాసే పని సంయుక్తకు హైదరాబాదు సంస్థ ఒకటి ఇచ్చింది. ఇంకా ఖాయం కాలేదు. గురువారం పై మేడం వచ్చి కాలనీలో కూర్చుని చూస్తుంది. చూసి సరే అంటే ఉద్యోగం. శుక్రవారం లారీ వస్తుంది. లారీ పోయినాక అక్కడ అడగడానికి తాళాలు తప్ప ఎవరూ ఉండరు.

మంగళవారం ఇది.

"నేను మొదటే చెప్పినా," అంటూ వచ్చినాడు సాయిరాం, సంయుక్త అన్న, వాసవి మొగుడు. అతనికి ఏ సంగతైనా మొదటే చెప్పిన అలవాటు. "బీఎడ్ చేసుంటే ఈ పాటికి బడిలో ఉందువు. ఆ చదువు పేరు నోరు తిరగదు, ఎవరన్నా 'మీ చెల్లెలు ఏం చదివింది' అంటే ఎమ్మే అని ఊరుకుంటున్నా."

"నాతో చదివినోళ్లందరికీ ఉద్యోగాలొచ్చినాయన్నా."

"ఏం వచ్చినాయి?"

"ఒకమ్మాయి మ్యూజియంలో ఉంది. ఒకతను గిరిజన సంక్షేమంలో. ఇంకొకమ్మాయి ఆసుపత్రి వాళ్లకు పని చేస్తోంది, క్షయ మాత్రలు ఇస్తే జనం సగంలో ఎందుకు మానేస్తారో కనుక్కునేది. కృప బెంగళూరులో సబ్బుల కంపెనీలో చేరింది."

"సబ్బులు అమ్మడానికా?"

"ఇండ్లకు పోయి, ఆడవాళ్లు బట్టలెట్లా ఉతుకుతారో చూసి రాయాలి."

సాయిరాం పెరటి వైపు చూసినాడు. "మనం హుసేనమ్మను ఇన్నేండ్లుగా చూస్తానే ఉన్నాం. ఒక్క కంపెనీవాడూ పిలవలేదు."

మామూలు రోజయితే సంయుక్త నవ్వేది. ఇప్పుడు మోకాళ్ల మీద తల పెట్టుకుంది. సాయిరాం చెల్లెలి తల మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యక, దుకాణానికి పోయినాడు.

పెరట్లో హుసేనమ్మ కొళాయి కింద గిన్నెలు తోముతోంది. వాసవి వచ్చిన చప్పుడుకు తల ఎత్తలేదు.

"హుసేనమ్మా."

"ఊ."

"ఆ మాట మీ అక్కతో అన్నావా?"

"నువ్వు సెప్పిందే సెప్పినా వాసవమ్మా. నేనేం కలపలేదు. మా యక్క హులిగమ్మే పక్కింటామెకు సెప్పింటాది. అంత దూరం పోతాదని నాకేం తెలుసు."

"నేను నవ్వులాటకన్నాను."

హుసేనమ్మ బూడిద చెయ్యి ఆపి ఇప్పుడు చూసింది. "నువ్వు నవ్వలేదు కదమ్మా."

నిజమే. నవ్వలేదు.

ఆ మాట అన్న రోజు వాసవి గోడ మీది బొమ్మ చూసింది. నడింట్లో కేలండరు తీసేసి సంయుక్త పెద్ద కాగితం అంటించి వంశం గీసింది. మగవాళ్లకు త్రికోణం, ఆడవాళ్లకు సున్నా, పెళ్లికి మధ్యలో రెండు అడ్డగీతలు, పిల్లలకు కిందికి గీత, తల్లిదండ్రులకు పైకి గీత. వాళ్ల చదువులో అందరూ అట్లాగే గీస్తారంట. నాగేశ్వరయ్య త్రికోణం మీద వాళ్ల నాయన, ఆయన మీద ఆయన నాయన. చనిపోయిన అత్తగారి సున్నా మీద కూడా వాళ్ల పుట్టింటి వాళ్లు వరసగా. పక్క కాగితంలో హుసేనమ్మ, హులిగమ్మ, వాళ్లమ్మ, హాలహర్వి నుంచి కోడలిగా వచ్చిన వాళ్లవ్వ వరకూ.

సాయిరాం త్రికోణం పక్కన ఒక సున్నా. వాసవి. రెండు అడ్డగీతలు ఉన్నాయి. పైకి గీత లేదు. తల్లీ తండ్రీ లేకుండా ఆకాశంలోనుంచి ఊడిపడి, పెళ్లిపీట మీద ఆగినట్టుంది.

ఆ కాగితం ముందర నిలబడి ఉంటే హుసేనమ్మ చీపురు పట్టుకుని వచ్చి, "ఈ పాప ఇంతగా రాసుకుంటాంది, ఎందుకమ్మా" అన్నది. పని చేసే మనిషికి మూడు తరాలు గీసిన చెయ్యి తనకొక్క గీత గీయలేదు. అప్పుడన్నది వాసవి. "ఊరికే ఎవరు రాస్తారు హుసేనమ్మా. ఊర్లో ఉండని వాళ్ల లెక్క సర్కారుకు కావాలంట. బియ్యం కార్డులు తీసేసేదానికి."

ఒక్క మాట. చారులో కొంచెం చింతపండు ఎక్కువ పిండినట్టు. అంతే అనుకుంది.

మధ్యాహ్నం నాగేశ్వరయ్య భోజనానికి వచ్చినాడు. కూతురిని చెయ్యి పట్టుకుని లేపి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. రెండు ముద్దలు తినేదాకా ఏమీ అడగలేదు.

"ఎవరో పుకారు పుట్టించినారు నాన్నా," అన్నది సంయుక్త. "సర్కారు మనిషినంట. కార్డులు తీసేయిస్తానంట. నాకు తెలిసింది అంతే. ఎవరు చెప్పినారంటే చెప్పరు."

"యార్డులో కూడా లేస్తాయి పుకార్లు. రేపు ధర పడిపోతాదని ఒకడంటాడు, సాయంత్రానికి బండ్లు బండ్లు వచ్చి పడతాయి."

"ఎవరన్నారో ఎట్లా కనుక్కుంటారు?"

"ఎవరన్నారని అడగం. ఎవరికి లాభమో చూస్తాం."

"దీంట్లో ఎవరికేం లాభం నాన్నా? నా ఉద్యోగం పోతే ఎవరికొస్తుంది?"

నాగేశ్వరయ్య మజ్జిగ కలుపుకున్నాడు. "లాభమంటే వచ్చేదొక్కటే కాదులేమ్మా. పక్కోడికి రాకపోతే చాలు అనుకునేవాళ్లు కూడా ఉంటారు."

వాసవి ఊరగాయ జాడీ మూత తిప్పుతోంది. అది ఎప్పుడో బిగిసిపోయింది. అయినా తిప్పుతోంది.

"వాసవీ," అన్నాడు నాగేశ్వరయ్య.

పేరు పెట్టి పిలిచినాడు. ఇంతకాలానికి. పిలిచిన సంతోషం కూడా లేకుండా పోయింది.

"రేపు పాపతో నువ్వు పో. ఎమ్మిగనూరు నీ ఊరు కదా. నీ మాట వింటారు."

"నా మాట వాళ్లెందుకు వింటారు మామయ్యా?"

"ఇప్పటిదాకా విన్నారు కదా," అన్నాడాయన. చెయ్యి కడుక్కోవడానికి లేచినాడు.

సంయుక్త ఆ మాటను పట్టించుకోలేదు. వదిన వస్తుందన్న ఆశతో పళ్లెంలో మిగిలింది తినేసింది. వాసవి మాత్రం ఆ సాయంత్రమంతా అదే మాటను బియ్యంలో రాయిలాగా ఏరి పక్కన పెట్టుకుని, మళ్లీ మళ్లీ చూసుకుంది. తెలిసి అన్నాడా. ఊరికే అన్నాడా. ఆయన చేతులు ఎప్పుడూ టవల్ కిందే ఉంటాయి.

బుధవారం బస్సులో కిటికీ పక్క సీటు సంయుక్త వదినకిచ్చింది. రెండు వైపులా తీసేసిన పత్తి చేలు, కట్టెలు మిగిలి నల్లగా ఉన్నాయి.

"భయంగా ఉందొదినా," అన్నది సంయుక్త. "మేడం వచ్చేసరికి ఒక్క తలుపన్నా తెరుచుకోకపోతే నన్ను ఉంచుకోరు. ఉంచుకోకపోతే నేనేం బాధపడనని అనుకుంటున్నా. కానీ వాళ్లు నన్ను అట్లాంటిదాన్ననుకున్నారే, అది పోవడం లేదు."

వాసవి ఇప్పుడు చెప్పేయాలనుకుంది. నోరు తెరిచింది. వేరే మాట వచ్చింది.

"ఆ గోడ మీది బొమ్మలో నా సున్నాకు పైన గీత లేదేం?"

"ఏ బొమ్మ?"

"వంశం గీసినావే."

సంయుక్తకు గుర్తు చేసుకోవడానికి కొంచెం సేపు పట్టింది. "అదా. నువ్వు మన ఇంటిదానివే కదొదినా. నిన్ను అడగడానికేముంది, నీ సంగతి నాకు తెలిసిందే."

"మా అమ్మ పేరేంది?"

సంయుక్త ముఖం తిప్పి చూసింది. పెదవులు కదిలాయి. "అత్తమ్మ అంటాం కదా," అన్నది చివరికి.

వాసవి కిటికీలోకి తిరిగింది. చెప్పాలనుకున్న మాట లోపలికి పోయి కూర్చుని తలుపు వేసుకుంది. ఎందుకు చెప్పాలి అనిపించింది. తల్లి పేరు తెలియని ఆడబిడ్డకు తలుపులు తెరుచుకోకపోతే నాకేం. కనపడని ఆ కోపం కొంచెం వెచ్చగా కూడా ఉంది. ఎమ్మిగనూరు బస్టాండు వచ్చేదాకా దాన్ని కప్పుకుని కూర్చుంది.

పుట్టి పెరిగిన ఊరు. నేతగాళ్ల వీధి మొదట్లో వాళ్ల నాన్నది నూలు కొట్టు. అయినా ఈ కాలనీలోకి వాసవి ఎప్పుడూ రాలేదు. ఇంటి ముందర ఇల్లు, ప్రతి వాకిట్లో గోతం పరిచి జొన్నరొట్టెలు ఎండబెట్టినారు. సుగ్గిలో మొదటి రోజులకు అవే తిండి. కొన్ని తలుపులకు అప్పుడే కంప అడ్డం వేసినారు.

హులిగమ్మ వాకిట్లోనే ఉంది. ఎండిన రొట్టెలు గుడ్డలో మూట కడుతోంది. వీళ్లను చూసి లోపలికి పోబోయి, చెల్లెలు పని చేసే ఇంటి కోడలని వాసవిని గుర్తుపట్టి ఆగింది. చుట్టుపక్కల ఆడవాళ్లు నలుగురైదుగురు వచ్చి గోడకు చేరినారు.

"శెట్టమ్మను కూడా తోలుకొచ్చినావా పాపా. మమ్మల్ని భయపెట్టేకా, బతిమాలేకా?"

సంయుక్త నేల మీద కూర్చుంది. "అడిగేకి వచ్చినాక్కా. నేనేం తప్పు చేసినానో చెప్పు. పోతా." అలవాటుగా ఫోను తీసి, "పెట్టుకోమంటావా?" అన్నది.

"పెట్టు. మా మాట ఇనేటప్పుడు ఎలిగింది కదా. నీ మాటకు కూడా ఎలగనీ."

ఎర్ర చుక్క వెలిగింది.

"మేము ఊర్లో లేని నెలలు రాసుకొని సర్కారుకిస్తావంట," అన్నది హులిగమ్మ. "బియ్యం కార్డు పాయె. మా అత్త పింఛను పాయె. ఆ ముసిల్ది ఈడ ఒక్కతే ఉంటాది, ఆ పింఛను మీదనే. నీకు కూడుబెట్టినాం. మా ఇండ్ల సంగతులన్నీ సెప్పుకున్నాం."

"నేనివ్వనక్కా. మీ పేర్లు కూడా ఎవరికీ చెప్పను. మొదటిరోజే చెప్పినా కదా."

"మీ ఇంట్లోనించే వచ్చిన మాట ఇది. మా సెల్లెలు మీ ఇంట్లోనే కదా పనిసేసేది."

"హుసేనమ్మా?" సంయుక్త వాసవి వైపు చూసింది. ఏదో ఒకటి అంటుందని. వాసవి రొట్టెల వైపు చూస్తోంది.

హులిగమ్మ తన ఫోను తీసి చెల్లెలికి కలిపింది. అందరికీ వినపడేటట్టు పెట్టి గోతం మీద ఉంచింది.

"హుసేనీ, ఆ కార్డుల మాట నీకెవురు సెప్పినారు? పాప ఈడే ఉంది. శెట్టమ్మ కూడా ఉంది."

అవతల నీళ్లు పడే చప్పుడు. అది తన పెరటి కొళాయి అని వాసవి గుర్తుపట్టింది. దాని వాషరు పోయి చాన్నాళ్లయింది, కట్టేసినా కారుతుంది.

"ఎవురూ సెప్పలేదక్కా," అన్నది హుసేనమ్మ. "నేనే అనుకొని సెప్పినా."



"నువ్వా," అన్నది సంయుక్త, ఫోను మీదికి వంగి. "నిన్ను మా ఇంటి మనిషినే అనుకున్నా హుసేనమ్మా. మా అమ్మ పోయినప్పుడు నన్ను పట్టుకుని పడుకున్నావే. నీకు నేనేం చేసినా?"

అవతల కొళాయి కారుతోంది.

ఒక్క క్షణం వాసవికి ప్రాణం తేలికపడింది. అయిపోయింది. మాట తన మీదికి రాకుండా ఇంకో గుమ్మంలోకి పోయింది. హులిగమ్మ చెల్లెలిని తిడుతుంది, సంయుక్త తలుపులు తెరిపించుకుంటుంది, మేడం వచ్చి పోతుంది. హుసేనమ్మకు తర్వాత ఒక చీర పెట్టొచ్చు. అంత గబగబా చీర రంగు వరకూ పోయిన తన బుద్ధిని చూసి వాసవికి సిగ్గేసింది.

"దాన్ని నేను రేపు సూస్తా," అంటోంది హులిగమ్మ. "సొంత సెల్లెలని నమ్మి ఊరందరికీ సెప్పినా."

"ఆమెనేం అనొద్దు," అన్నది వాసవి.

సంయుక్త తలెత్తింది.

"ఆమె అనుకొని చెప్పలేదు. ఆమెకు చెప్పింది నేను."

గోడకు ఆనుకున్న ఆడవాళ్లలో ఒకరు "ఆఁ" అన్నారు. హులిగమ్మ చేతిలో మూట ముడి సడలింది. గోతం మీది ఫోనులో హుసేనమ్మ "వద్దు వాసవమ్మా" అన్నది, చాలా మెల్లగా.

సంయుక్త అరవలేదు. వదిననే చూస్తూ కూర్చుంది. చూస్తుండగానే ఆ ముఖంలోనుంచి ఆడబిడ్డ లేచి పోయినట్టయింది. తర్వాత చెయ్యి చాపి, హులిగమ్మ ముందర ఉన్న తన ఫోనును తీసి, వాసవి ముందర పెట్టింది. ఎర్ర చుక్క అట్లాగే వెలుగుతోంది.

"మీ పేరు చెప్పండి," అన్నది. కొత్త ఇంట్లో కొత్త మనిషిని అడిగే గొంతు. "పుట్టిన ఊరు. తల్లిదండ్రుల పేర్లు. తర్వాత మీరు చెప్పాలనుకున్నది."

మీరు. సంయుక్త నోట వాసవి ఆ మాట ఎప్పుడూ వినలేదు.

ఇన్నాళ్లూ ఆ చుక్క ఒక్కసారి తన ముందర వెలిగితే చాలనుకుంది. వెలిగితే ఏం చెప్పాలో వంటింట్లో ఎన్నిసార్లో మనసులో సర్ది పెట్టుకుంది. నూలు కొట్టు సంగతి, రంగుల వాసన, నాన్న తూకం వేసేటప్పుడు పాడే పాట. అవేవీ ఇప్పుడు నోటికి అందలేదు.

చీర చెంగు సర్దుకుని, మట్టి మీద ఆడబిడ్డకు ఎదురుగా కూర్చుంది.

"పేరు వాసవి," అన్నది. "పుట్టింది ఈ ఊర్లోనే. మా అమ్మ కన్యకమ్మ, నాన్న రంగయ్య శెట్టి." నీళ్ల కోసం చుట్టూ చూసింది. ఎవరూ నీళ్లివ్వలేదు. "ఈ పిల్ల ఎవరి లెక్కా ఎవరికీ ఇయ్యదు. ఆ మాట నేనే పుట్టించినా. అందరినీ అడిగి నన్నొక్కదాన్నే అడగలేదని ఓర్చుకోలేక పుట్టించినా. హుసేనమ్మది ఏం లేదు. తప్పు నాదే."